వెలిగే సముద్రం చూపించే ట్రిప్పు: మేలో అడిగితే వద్దన్నారు

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఒకటుంది. రాత్రిపూట నీలంగా మెరిసే సముద్రాన్ని చూపించడానికి ఉడుపి వైపు వ్యాన్ వేస్తారు. వేసవి సెలవుల్లో వెళ్దామని అడిగితే ఓనర్ అడ్వాన్స్ కూడా తీసుకోలేదు. "మేలో వద్దు మేడం, ఏమీ కనపడదు. వానలు పోనీండి, నవంబర్ అమావాస్యకి పెట్టుకుందాం. అప్పుడు కూడా గ్యారంటీ ఇవ్వలేను" అన్నారు. నా ఐదు స్టార్లలో మూడు ఈ మాటకే.

హైస్కూల్లో బయాలజీ చెప్తాను కాబట్టి ఆ మాట విలువ నాకు తెలుసు. అక్కడ ఎక్కువగా మెరిసేది నాక్టిల్యూకా అనే ఏకకణ ప్లవకం, అంటే నీళ్లలో తేలుతూ బతికే చిన్న జీవి. నైరుతి రుతుపవనాల కాలంలో పశ్చిమ తీరం వెంట లోతులోని చల్లటి నీళ్లు పోషకాలను మోసుకుని పైకొస్తాయి. దాంతో డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాలు పెరుగుతాయి, వాటిని తిని నాక్టిల్యూకా పెరుగుతుంది. ఎండాకాలానికి మేత తగ్గి పలచబడుతుంది. మంగళూరు, ఉడుపి తీరాలు 2020 నవంబర్‌లో ఇలాగే వెలిగాయి. తూర్పు తీరం లెక్క వేరు, చెన్నైలో 2019 ఆగస్టులో కనపడింది. ఏడాది పొడవునా చూడొచ్చని ఎవరైనా ప్రకటన వేస్తే దయచేసి నమ్మొద్దు.

బళ్లారి, చిత్రదుర్గ, శివమొగ్గ మీదుగా ప్రయాణం. ఘాట్ మలుపుల్లో మా అత్తమ్మకి తల తిరిగింది, వెనక సీట్లు మరీ ఇరుకు. బీచ్‌లో మాత్రం గైడ్ అందరి ఫోన్లూ ఆఫ్ చేయించి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చోబెట్టాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అల విరిగినచోటల్లా నీలి గీత! మా పాప తడి ఇసుక మీద పరిగెత్తితే అడుగడుక్కీ మెరుపులే. "అమ్మా, నా కాళ్ల కింద!" అని అరిచింది. మా అత్తమ్మ తల తిరుగుడు మర్చిపోయి నీళ్లలోకి దిగారు.

గైడ్ దాన్ని ఫాస్ఫరస్ అన్నాడు, అది తప్పు. నీళ్లు కదిలినప్పుడు కణం లోపల ఆమ్లత్వం పెరిగి, లూసిఫరేజ్ అనే ఎంజైమ్ లూసిఫెరిన్ అనే వెలుగిచ్చే పదార్థం మీద పనిచేస్తుంది. సెకనులో పదో వంతు మెరుపు వస్తుంది. ఇది మితిమీరి పెరిగితే నీళ్లలో అమ్మోనియా పెరిగి, ఆక్సిజన్ తగ్గి చేపలకు ముప్పు. జాలర్లకు ఇది పండగ కాదని గైడ్ చెప్పాల్సింది. తిరిగొచ్చాక ఓనర్‌కి ఈ రెండూ చెప్తే నోట్‌బుక్ తీసి రాసుకున్నారు.

మనిషికి 5,500 తీసుకున్నారు, బస, టిఫిన్లతో కలిపి. పౌర్ణమి దగ్గర్లో డేట్ ఇస్తే మాత్రం మార్పించుకోండి. వెన్నెల్లో ఆ వెలుగు ఆనదు.