గ్లాసుకు రెండు గ్లాసులు: వార్పు, అత్తెసరు, కుక్కర్లు ఏళ్ళ తరబడి వాడాక

గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. ఈ లెక్క తెలియని ఇల్లు లేదు. ఇద్దరికి వండినప్పుడు అది బాగానే పనిచేస్తుంది. చుట్టాలొచ్చి ఐదు గ్లాసులు పెట్టిన రోజున అదే బియ్యం, అదే గిన్నె, అదే లెక్క, అన్నం మాత్రం ముద్ద. వెంటనే బియ్యం మంచివి కావంటాం, కొట్టు మారుస్తాం. తప్పు బియ్యానిది కాదు, లెక్కది.

వంటింటి తక్కెడ మీద తూచి చూస్తే విషయం తేలిపోతుంది. సన్నబియ్యం 200 గ్రాములు వండితే, మనకు అలవాటైన మెత్తదనం వచ్చేసరికి అన్నం 560 నుంచి 600 గ్రాముల దాకా తూగుతుంది. గ్లాసు నీళ్ళు గ్లాసు బియ్యం కన్నా ఎక్కువ తూగుతాయి కాబట్టి, గ్లాసుల్లో చెప్తే గ్లాసు బియ్యం తాగే నీళ్ళు గ్లాసున్నర, మహా అయితే ఇంకాస్త. మనం పోసే మిగతా నీళ్ళన్నీ ఆవిరి కోసమే. ఆవిరి ఎంత పోతుందనేది బియ్యాన్ని బట్టి ఉండదు. గిన్నె మూతి వెడల్పు, మూత బిగువు, మంట, మరిగిన సేపు, వీటిని బట్టి ఉంటుంది. ఒకే గిన్నెలో గ్లాసు వండినా ఐదు గ్లాసులు వండినా పోయే ఆవిరి దాదాపు ఒకటే, అర గ్లాసు నుంచి ముప్పావు గ్లాసు. అందుకే ఒక గ్లాసుకు రెండు సరిపోతాయి. ఐదు గ్లాసులకు పది కాదు, ఎనిమిది, ఎనిమిదింబావు చాలు. మీ గిన్నె ఎంత ఆవిరి వదులుతుందో ఒక్కసారి తెలుసుకుంటే చాలు: బియ్యం, నీళ్ళు పోశాక గిన్నెను తూచండి, ఉడికాక మళ్ళీ తూచండి. తగ్గినదంతా ఆవిరే. ఇక జన్మలో ఆ గిన్నెతో అన్నం చెడదు.

ఇందులో బియ్యం వయసు కూడా కలపాలి. బస్తా మీద సోనా మసూరి అని ఉన్నంత మాత్రాన లోపల ఒకే వడ్లు ఉన్నాయని కాదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, కావచ్చు. రాజేంద్రనగర్ నుంచి 2015లో వచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, కావచ్చు. రకం కన్నా ముఖ్యం పాతదా కొత్తదా అన్నది. పాత బియ్యం గ్లాసుకు పావు గ్లాసు నీళ్ళు ఎక్కువ అడుగుతుంది, మెతుకు విడివిడిగా నిలుస్తుంది. సంక్రాంతి ముందు దిగే కొత్త బియ్యం పావు గ్లాసు తక్కువ అడుగుతుంది, ఎంత జాగ్రత్తపడ్డా జిగటగానే ఉంటుంది. కొత్త బస్తా తెరిచిన మొదటి రోజు ఒక్క గ్లాసే వండి చూసుకోవడం మేలు. దంపుడు బియ్యం లెక్క వేరు: కనీసం గంట నానాలి, గ్లాసుకు రెండున్నర పైనే పొయ్యాలి.

ఎక్కువ నీళ్ళలో ఉడికించి గంజి వంచేసే వార్పుకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు, దాని గొప్పతనమే అది. గ్లాసుకు ఐదారు గ్లాసుల ఎసరు పెట్టి, అది కళపెళా మరిగాక, ఇరవై నిమిషాలు నానిన బియ్యం పోసి, అడుగు తగిలేలా ఒక్కసారి కలిపి వదిలేయాలి. మూత పూర్తిగా పెడితే పొంగి పొయ్యి ఆర్పేస్తుంది, ఓరగా పెట్టాలి. ఎనిమిదో నిమిషం నుంచీ మెతుకు పట్టి చూడాలి. వేళ్ళ మధ్య నలిపితే లోపల సూదిమొనంత తెల్లటి పలుకు తగిలినప్పుడే దించాలి. పూర్తిగా ఉడికేదాకా ఆగితే వార్చేలోపు మెతుకు పగులుతుంది. సిబ్బి, అంటే గంజి వార్చే మూత, బిగించి, మసిగుడ్డతో రెండు పక్కలా పట్టుకుని, ఆవిరి మన వైపు రాకుండా అవతలికి వంచి గంజి దిగనివ్వాలి. తొందరపడితే అడుగున నీరు నిలిచిపోతుంది. తరవాత సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు మగ్గిస్తే మిగిలిన పలుకు కూడా పోతుంది. చాలామంది ఈ చివరి పని మానేసి, వార్పు అన్నం చప్పగా, నీళ్ళోడుతూ ఉంటుందని అంటారు. మగ్గిస్తే అలా ఉండదు.

పులిహోరకు, బిర్యానీకి, కొత్త బియ్యానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. జిగటంతా గంజితో పోతుంది. ఎక్కువ నీళ్ళలో ఉడికించి పారబోస్తే బియ్యంలో ఆర్సెనిక్ ఏమైనా ఉంటే అది కూడా చాలా భాగం పోతుంది. దాంతోపాటు బి విటమిన్లు కూడా పోతాయి కాబట్టి గంజి పారబొయ్యొద్దు. ఉప్పు, మజ్జిగ కలిపి తాగితే ఎండాకాలంలో దాని ముందు ఏ కూల్ డ్రింకూ నిలవదు. షుగర్ ఉన్నవాళ్ళు వార్చిన అన్నం ఎంతైనా తినొచ్చన్న మాట నమ్మొద్దు. గంజిలో పోయే పిండి కొంచెమే, కంచంలో మిగిలేదే ఎక్కువ. పెట్టుకునే కొలతే అక్కడ పనిచేస్తుంది.

పోసిన నీళ్ళన్నీ గిన్నెలోనే ఇంకిపోయేలా వండే అత్తెసరుకు గ్యాస్ తక్కువ, నేర్పు ఎక్కువ. అడుగు మందంగా ఉన్న గిన్నె, బరువైన మూత ఉండాలి. ఒకటి రెండు గ్లాసులకైతే గ్లాసుకు రెండుంబావు నీళ్ళు మరిగించి బియ్యం పొయ్యాలి. నీరు బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న చిల్లులు కనబడగానే మంట సిమ్‌కు తగ్గించి మూత పెట్టాలి. ఆ చిల్లులు కనబడే క్షణమే ఈ పద్ధతికి ప్రాణం. ముందే తగ్గిస్తే పైన పలుకు, ఆలస్యమైతే అడుగున మాడు. సిమ్‌లో ఎనిమిది నిమిషాలు, ఆపేశాక మూత తియ్యకుండా పది నిమిషాలు. మధ్యలో గరిటె పెట్టి కలిపితే మెతుకులు విరిగి పిండి బయటికొచ్చి ముద్ద కడుతుంది. మట్టి కుండలో అయితే మూడు నిమిషాల ముందే పొయ్యి కట్టెయ్యాలి, కుండ వేడే మిగతా పని చేస్తుంది.

ప్రెషర్ కుక్కర్‌కు మన ఇళ్ళలో ఉన్న పేరంతా పప్పూ అన్నం ఒకేసారి ఉడకడం వల్ల వచ్చింది. అందుకు అది తగినదే. లోపల 120 డిగ్రీల దాకా వేడి ఎక్కుతుంది, అందుకే అంత తొందర. కానీ విజిళ్ళు లెక్కపెట్టడం కొలత కాదు. మూడు లీటర్ల కుక్కర్ పెద్ద మంట మీద మూడు విజిళ్ళు వేసే సమయానికి ఐదు లీటర్లది ఒక్కటి కూడా వెయ్యకపోవచ్చు. మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి ఐదారు నిమిషాలు గడియారం చూసి ఆపండి. ప్రెషర్ దానంతట అది దిగాలి. వెయిట్ ఎత్తి ఆవిరి వదిలితే లోపలి నీరు ఒక్కసారిగా ఉరికి మెతుకులు పగులుతాయి.

అన్నం గిన్నెను కుక్కర్ లోపల పెట్టి వండేటప్పుడు దాని మీద మూత తప్పనిసరి. లేకపోతే పైనుంచి జారే ఆవిరి బొట్లకు పై అంగుళం మేర చిమిడిపోతుంది, కింద మామూలుగా ఉంటుంది. ఇందులో ఆవిరి దాదాపు పోదు కాబట్టి గ్లాసుకు ఒకటీ ముప్పావు చాలు, పాత బియ్యానికి రెండు. కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్ళు, అల్యూమినియం నల్లబడకుండా చిన్న చింతపండు రెబ్బ. అడుగు నీళ్ళు మరిచిపోతే కరిగిపోయేది సేఫ్టీ వాల్వే. అది పోయిందంటే కుక్కర్ పాడైందని కాదు, అది చెయ్యాల్సిన పని చేసిందని. దాని బదులు కంపెనీ వాల్వే వెయ్యాలి. నేరుగా కుక్కర్‌లోనే బియ్యం పోసి వండితే బియ్యం, నీళ్ళు కలిపి సగానికి మించకూడదు. గంజి నురుగు విజిల్ గొట్టంలోకి ఎక్కి, మూత మీదంతా చిమ్మి, ఎండి గట్టిపడితే ఆ రంధ్రం మూసుకుపోతుంది. వాడిన ప్రతిసారీ రంధ్రం వెలుతురుకు పట్టి చూడాలి. రబ్బరు కడిగి ఆరబెట్టాలి, వదులైతే సాగదీసి సరిపెట్టకుండా కొత్తది వెయ్యాలి.

ఎక్కువ కాలం రోజూ వాడేది, ఎక్కువ అపార్థాలు ఉన్నదీ ఎలక్ట్రిక్ కుక్కర్. దానికి టైమర్ ఉందనుకుంటారు. మామూలు మీట కుక్కర్లలో టైమర్ ఉండదు. గిన్నె కింద మధ్యలో స్ప్రింగు మీద నిలిచే గుండ్రటి బిళ్ళ ఉంటుంది. నీళ్ళున్నంతసేపూ గిన్నె అడుగు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరు ఇంకగానే వేడి ఎగబాకి, 103 డిగ్రీల ప్రాంతంలో ఆ బిళ్ళ అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట టక్కుమని లేస్తుంది. నీళ్ళు అయిపోవడమే దానికి గడియారం. జపాన్‌లో 1955లో తోషిబా తెచ్చిన మొదటి ఆటోమేటిక్ కుక్కర్‌కూ ఇదే కిటుకు: బయటి గిన్నెలో పోసిన నీళ్ళు ఆవిరైపోతే స్విచ్ ఆగేది.

ఇది అర్థమైతే దాని జబ్బులన్నీ అర్థమవుతాయి. అన్నం సగం ఉడికి మీట లేచిందంటే గిన్నె అడుగున ఏదో పేరుకుని అక్కడ వేడెక్కిందన్నమాట. పులావులో మసాలా, టమాటా అడుగంటినప్పుడు జరిగేది అదే. వేయించే పని వేరే బాణలిలో చేసి, నీళ్ళు మరిగించి అప్పుడు కుక్కర్‌లో పోస్తే ఆ బాధ ఉండదు. మీట ఎంతకీ లేవకుండా అన్నం మాడుతోందంటే బిళ్ళకూ గిన్నెకూ మధ్య మెతుకో బియ్యపు గింజో ఇరుక్కుని ఉంటుంది, లేదా గిన్నె అడుగు సొట్టపోయి ఉంటుంది. గిన్నె బయట తడి లేకుండా తుడిచి, దింపాక అటూ ఇటూ కొంచెం తిప్పి కూర్చోబెట్టాలి. కోటింగ్ ఉన్న గిన్నెలో బియ్యం కడగకూడదు. గీతలు పడేది గరిటెకన్నా అక్కడే. మీట లేచాక పది నిమిషాలు మూత తియ్యకుండా ఉంచి, ఆ తరవాత హస్తంతో, అంటే అన్నం వడ్డించే చదునైన గరిటెతో, అడుగు నుంచి పైకి విప్పాలి. నాలుగు గ్లాసులకు ఏడు నీళ్ళు, పాత బియ్యమైతే ఎనిమిది. 700 వాట్ల కుక్కర్ అరగంట లోపు పని ముగిస్తుంది, కరెంటు యూనిట్‌లో మూడో వంతు. గ్యాస్ పొయ్యి మీద ఒక బర్నర్ ఖాళీ అవడం అన్నిటికన్నా పెద్ద లాభం. రుచిలో మాత్రం చక్కగా మగ్గిన అత్తెసరు దీనికన్నా ఒక మెట్టు పైనే.

అమెరికాలో తెలుగిళ్ళలో ఎక్కువగా కనిపించే కరెంటు ప్రెషర్ పాట్‌లో గ్లాసు సన్నబియ్యానికి గ్లాసున్నర నీళ్ళు, ఎక్కువ ప్రెషర్‌లో ఆరు నిమిషాలు, పది నిమిషాలు కదపకుండా వదిలెయ్యడం. మైక్రోవేవ్‌లో వండొచ్చు గానీ పొంగకుండా లోతైన గిన్నె కావాలి, కాపలా కావాలి. హాస్టల్ గదికి తప్ప ఇంటికి అక్కర్లేదు.

అన్నం పలుకుగా మిగిలితే చన్నీళ్ళు చల్లకూడదు. మరిగిన నీళ్ళు అర కప్పు చుట్టూ చిలకరించి, మూత పెట్టి, సిమ్‌లో ఐదు నిమిషాలు. అడుగంటిన వాసన వస్తే కలపకుండా పై అన్నం వెంటనే వేరే గిన్నెలోకి తియ్యాలి, కలిపితే మొత్తం ఆ వాసనే. చిమిడితే వెడల్పు పళ్ళెంలో పరిచి ఫ్యాన్ కింద ఆరబెడితే కొంత విడుతుంది. బాగా చిమిడితే పాలు, పెరుగు కలిపి దద్దోజనం చేసెయ్యడమే. బోరు నీళ్ళతో అన్నం పసుపు పచ్చగా వస్తుంటే బియ్యాన్ని తిట్టొద్దు, ఎసరుకు మాత్రం తాగే నీళ్ళు పొయ్యండి.

మిగిలిన అన్నాన్ని రాత్రంతా వేడి కుక్కర్‌లో, కరెంటు తీసేసి, అలాగే వదిలెయ్యొద్దు. ఉడికినా చావని బీజాలు బియ్యంలో ఉంటాయి, గోరువెచ్చని అన్నంలో అవి మళ్ళీ పెరుగుతాయి. వాటివల్ల పుట్టే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వెడల్పు గిన్నెలో తొందరగా చల్లార్చి గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు గట్టిపడి ఉంటే రెండు చెంచాల నీళ్ళు చల్లి, ఆవిరి మీద ఐదు నిమిషాలు ఉంచండి, మెతుకు మళ్ళీ మెత్తబడుతుంది.