నాలుగేళ్లు వాడిన రాడాన్ కొలత పరికరం: ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు

మా పిన్ని జీవితంలో సిగరెట్టు ముట్టలేదు, పోయింది మాత్రం ఊపిరితిత్తుల కేన్సర్‌తో. కారణం ఏమై ఉండవచ్చని అడిగితే వైద్యులు చెప్పిన వాటిలో రాడాన్ ఒకటి. నేలలోంచి ఇళ్లలోకి చేరే, రంగూ వాసనా లేని రేడియోధార్మిక వాయువు అది. ఆ తర్వాతే ఈ డిజిటల్ పరికరం కొని కింది అంతస్తు పడకగదిలో పెట్టాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇందులో చెప్పేది ఈ తరహా పరికరాలన్నిటికీ చాలావరకు వర్తిస్తుంది.

మొదటి వారం నరకం. తెల్లవారుజామున 190 బెక్వెరెళ్లు, మధ్యాహ్నం 60, మర్నాడు 150. అంకె మారినప్పుడల్లా గుండె దడ. కొన్నాళ్లకు లెక్క వేసి చూశాను. 100 బెక్వెరెల్ అంటే ఒక ఘనపు మీటరు గాలిలో సెకనుకు 100 రాడాన్ పరమాణువులు విచ్ఛిన్నం కావడం. పరికరం లోపలి గది 100 మిల్లీలీటర్లు అనుకుంటే అందులో గంటకు జరిగే విచ్ఛిత్తులు 36 మాత్రమే. సెన్సర్‌కు చిక్కేవి ఇంకా తక్కువ. ఆ కాసిన్నిటితో గంటగంటకూ నమ్మదగిన అంకె ఎలా వస్తుంది? దానికి తోడు, తలుపులు మూసిన రాత్రుల్లో, చలికాలంలో నిజంగానే మోతాదు పెరుగుతుంది. ఇంట్లోని వెచ్చని గాలి పైకి పోతూ నేల పగుళ్లలోంచి వాయువును లోపలికి లాగుతుంది. కాబట్టి రోజువారీ అంకెను చూడకండి. ఏడాది సగటే అసలు కొలత.

మా ఏడాది సగటు 132. అదే గదిలో ఉంచి ప్రయోగశాలకు పంపిన ప్లాస్టిక్ ముక్క, అంటే రాడాన్ విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే ఆల్ఫా కణాల గీతలు పడేది, 121 చూపింది. ఈ విషయంలో పరికరానికి పూర్తి మార్కులు వేస్తాను.

అయితే 132 ఎక్కువా, తక్కువా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన స్థాయి 100. అది సాధ్యం కాని చోట 300 దాటకూడదంది. అమెరికా చర్య తీసుకోమనే స్థాయి సుమారు 148. ఒకరి లెక్కలో నేను గీత దాటాను, మరొకరి లెక్కలో దాటలేదు. 2005లో వెలువడిన ఐరోపా ఉమ్మడి విశ్లేషణ, 13 అధ్యయనాలను కలిపి చూసినది, నా సందేహం తీర్చింది. దీర్ఘకాలిక సగటు ప్రతి 100 బెక్వెరెళ్లు పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుందని, ఇంతవరకు భయం లేదనే మెట్టు ఏదీ కనబడలేదని అందులో తేలింది. నేల పగుళ్లు పూడ్పించి, పునాది కింది గాలిని గొట్టం ద్వారా బయటికి తోడే ఫ్యాను పెట్టించాను. ఇప్పుడు సగటు 41.

నాకు కోపం తెప్పించేది రంగు దీపం. 99కి పచ్చ, 101కి పసుపు. ఇంట్లో పొగతాగేవారు ఉన్నారా అని అది అడగదు. ఒకే గాలి పీల్చినా పొగతాగేవారికి ముప్పు, ఎన్నడూ తాగనివారితో పోలిస్తే సుమారు 25 రెట్లు. ఇద్దరికీ అదే పచ్చ దీపం వెలిగించడం తప్పు. రాడాన్‌కే మరో రూపమైన థోరాన్‌ను విడిగా చూపకపోవడం మరో లోపం. నిమిషంలోపే సగం మాయమయ్యే ఆ వాయువు వల్ల ఇళ్లలో ఎంత హాని కలుగుతోందో పరిశోధకులకే ఇంకా స్పష్టత లేదు. పిల్లల్లో రక్త కేన్సర్‌తో రాడాన్‌కు సంబంధం ఉందా అన్నదీ తేలలేదు. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

అన్నిటికంటే నన్ను బాధించే లోటు వేరు. ఈ కణితి రాడాన్ వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పగల గుర్తు ఇంకా దొరకలేదు. పిన్ని విషయంలో నాకు జవాబు రాదు.

పోయిన నెల నుంచి పరికరం ఆవిడ ఇంట్లోనే, ఆవిడ కొడుకు, అంటే నా తమ్ముడి దగ్గర ఉంది. మొదట్లో వాడికి ఆ మాట ఎత్తడమే ఇష్టం లేకపోయింది. ఈనాటి అంకెతో ముప్పై ఏళ్ల కిందటి గాలిని ఊహించాలి, పరిశోధకుల ఇబ్బందీ ఇదే. ఈలోగా కిటికీలు కూడా మార్చారు. అందుకే అమ్మ సంగతి దీనితో తేల్చాలని చూడవద్దని, ఏడాది ఆగి తన సంగతి చూసుకోమని చెప్పాను. వాడు పొగ తాగుతాడు. అంకె ఎంత వచ్చినా, ముందు అది మానమన్నాను.