వర్డ్‌ఫెన్స్ ఉచిత వెర్షన్: కొన్నేళ్లు వాడాక

కడప చుట్టుపక్కల శాసనాలు, పాత గుళ్ల ఫోటోలు పెట్టుకునే సొంత సైటు నాది. సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద, ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చవక షేర్డ్ హోస్టింగ్‌లో నడుస్తుంది. దానికి హ్యాకర్ల నుంచి కాపలాగా వర్డ్‌ఫెన్స్ అనే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేర్) ఉచిత వెర్షన్ పెట్టి ఏళ్లవుతోంది, తీసేయాలని ఎప్పుడూ అనిపించలేదు. అలాగని ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే మాత్రం పెద్దగా ఒరిగేదేం లేదు.

"ఏం మామా, కలమళ్ల శాసనం ఫోటో కోసం హ్యాకర్లొస్తారా?" అని మా అల్లుడు ఎగతాళి చేస్తుంటాడు. వాళ్లకు ఫోటోలెందుకు? సర్వర్లో కాస్త చోటు దొరికితే చాలు, అక్కణ్ణుంచి స్పామ్ మెయిళ్లు పంపుతారు, జూదం సైట్ల లింకులు దాచిపెడతారు. ఇదంతా బాట్ల పని, అంటే వాటంతటవే తిరిగే ప్రోగ్రాములది. వర్డ్‌ఫెన్స్‌లో లైవ్ ట్రాఫిక్ పేజీ తెరిస్తే తెలుస్తుంది: ఒకటి 'అడ్మిన్' అని కొట్టి చూస్తుంది, ఇంకోటి సైటు పేరునే యూజర్‌నేమ్‌గా కొడుతుంది. మరోటి ఏకంగా నా అసలు యూజర్‌నేమే కొట్టింది! అదేం మాయ కాదు. సైటు అడ్రసు చివర ఆథర్ నంబరు తగిలిస్తే మామూలుగా వర్డ్‌ప్రెస్సే ఆ పేరు బయటపెట్టేస్తుంది. దాన్ని ఆపే సెట్టింగు వర్డ్‌ఫెన్స్‌లో ఉంది, ముందు అది చూసుకోండి. మనం మార్చకపోతే 20 సార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టేదాకా అది ఊరుకుంటుంది, మరీ ఉదారం, నేను 5కు తగ్గించా.

అన్నిటికన్నా పనికొచ్చింది రెండంచెల లాగిన్. ఇదీ ఉచితమే. ఫోన్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే కోడు కొడితేగానీ లోపలికి పోనివ్వదు. ఎస్సెమ్మెస్ కాదు కాబట్టి గండికోట పక్కన టవర్ అందని చోట కూడా, వైఫై ఉంటే చాలు, లాగిన్ అవ్వొచ్చు. ఫోన్ టైమ్ మాత్రం ఆటోమేటిక్‌లో ఉంచాలి, గడియారం తేడాగా ఉంటే కోడు చెల్లదు. ఫోన్ పోతే వాడుకోవడానికిచ్చే రికవరీ కోడ్లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టా. మా ఇంటావిడ దాన్ని లాటరీ టికెట్టనుకుంది.

ఇక లోటుపాట్లు. కొత్త ఫైర్‌వాల్ రూల్స్ (దాడులను గుర్తుపట్టి అడ్డుకునే నియమాలు) డబ్బు కట్టినవాళ్లకు వెంటనే వస్తాయి, మనకు 30 రోజుల తర్వాత. ఈలోగా కాపాడేది అప్‌డేట్లే. అందుకే ప్లగిన్లన్నీ ఆటో అప్‌డేట్‌లో పెట్టి, వాడనివాటిని డిలీట్ చేసేశా. డీయాక్టివేట్ చేసి ఉంచితే ఆ ఫైళ్లు సర్వర్లోనే పడుంటాయి. స్కానింగ్ కూడా చవక హోస్టింగ్‌కు బరువే, అలాంటి సర్వర్లకని తక్కువ వనరులతో నడిపే ఆప్షన్ ఒకటుంది, అది ఆన్ చేసుకోవాలి. మెయిల్ అలర్ట్లు సగం ఆపేయండి, లేకపోతే అసలుది వచ్చినరోజు చదవరు.

స్కాన్ అన్నిటినీ పట్టేస్తుందనుకోవద్దు. వర్డ్‌ప్రెస్ సొంత ఫైళ్లను, వాళ్ల డైరెక్టరీలో ఉన్న థీములు (సైటు రూపాన్ని నిర్ణయించేవి), ప్లగిన్లను అసలు కాపీలతో పోల్చి చూస్తుంది. బయట కొన్న థీమ్‌కు ఆ పోలిక కుదరదు, తెలిసిన మాల్వేర్ గుర్తులతోనే వెతకాలి. పొద్దుటూరులో తెలిసినవాళ్ల బంగారం అంగడి సైటుకు ఎవరో క్రాక్ థీమ్ (డబ్బు కట్టకుండా దొంగతనంగా తెచ్చిన కాపీ) వేసిచ్చారు. అడ్రసు కొడితే నగలే కనిపించేవి, గూగుల్లో వెతికి నొక్కితే పేకాట సైటు తెరుచుకునేది. ఓనరు ఎప్పుడూ అడ్రసే కొట్టేవాడు కాబట్టి నెలల తరబడి తెలియలేదు. అప్పుడు వర్డ్‌ఫెన్స్ వేసినా నమ్మకం లేదు, ఇంట్లో దూరినవాడు కాపలావాణ్ణీ కట్టేయగలడు. థీమ్ తీసేసి, అంతా కొత్తగా పెట్టి, పాస్‌వర్డ్లన్నీ మార్చాకే కుదుటపడింది.

బ్యాకప్ వర్డ్‌ఫెన్స్ పని కాదు. నేను అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే బ్యాకప్ ప్లగిన్‌తో గూగుల్ డ్రైవ్‌కు పంపిస్తా. హోస్టింగ్‌లోనే దాచుకుంటే సైటుతోపాటు అదీ పోతుంది. అప్పుడప్పుడూ ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ చేసి చూస్తుంటా.

ప్రీమియం కొనలేదు, ఫోటోల సైటుకు అంత ఖర్చు దండగ. అమ్మకాలున్న సైటైతే మాత్రం కొనమంటాను, 30 రోజులు ఆగడం అక్కడ కుదరదు.