పిల్లలున్న ఇంటికి కాపలా కుక్క: మా లాబ్రడార్‌తో మూడేళ్ళ అనుభవం

ముందే చెప్పేస్తున్నా, 5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో చదివాక మీ ఇంటికి సరిపోతుందో లేదో మీరే చూసుకోండి.

మాది అల్లవరం మండలంలో ఒక ఊరు. చుట్టూ కొబ్బరి తోట, వెనకే పంట కాలువ. మా ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, పంట చెరువులో ఉన్నన్నాళ్ళూ రాత్రిపూట కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయని ఆయన గట్టు మీద షెడ్డులోనే పడుకుంటారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ, ఇద్దరు పిల్లలూ. కుక్కని తెచ్చుకునే నాటికి పాపకి ఏడేళ్ళు, బాబుకి నాలుగు. పైగా సాయంత్రం నా దగ్గరికి ట్యూషన్‌కి పదిహేను మంది పిల్లలొస్తారు. అంటే మాకు కావలసిన కుక్క రాత్రి అలికిడైతే అరవాలి, సాయంత్రం పదిహేను మంది మీద నుంచి తొక్కుకుంటూ వెళ్ళినా ఊరుకోవాలి.

అడిగితే తలో మాట చెప్పారు. రాట్‌వీలర్ అన్నారు, జర్మన్ షెపర్డ్ అన్నారు, రాజపాళయం అన్నారు. అవి చెడ్డ కుక్కలని నేననను. కానీ రాట్‌వీలర్‌కి చిన్నప్పటి నుంచీ రోజూ ట్రైనింగ్ ఇచ్చే మనిషి, అది గుంజితే ఆపగలిగే మనిషి ఇంట్లో ఉండాలి, మా ఇంట్లో పగలంతా ఉండేది నేనూ, అరవై దాటిన మా అత్తగారూను. జర్మన్ షెపర్డ్ ఎంత తెలివైనదో అంత పని కూడా కావాలి దానికి, పైగా అంత ఒత్తు బొచ్చుతో మన మే నెల ఉక్కపోత. రాజపాళయం ఇంట్లో వాళ్ళకి ప్రాణమిస్తుంది గానీ కొత్తవాళ్ళని అంత తొందరగా దగ్గరికి రానివ్వదు, ట్యూషన్ ఇంటికి అది కుదరదు. అలా లాబ్రడార్ దగ్గర ఆగాం.

మొదటిసారి పట్నంలో ఒక షాపులో కొన్నాం, పన్నెండు వేలు. యాభై రోజుల పిల్ల, ఫస్ట్ డోస్ కూడా వేయించేశాం అని ఒక కార్డు చేతిలో పెట్టారు. ఆ కార్డు మీద తేదీ ఉంది గానీ వ్యాక్సిన్ సీసా మీద ఉండే స్టిక్కర్ లేదు, డాక్టరు ముద్ర లేదు. ఆ రెండూ చూడాలని నాకప్పుడు తెలీదు. ఐదో రోజున వాంతులు మొదలయ్యాయి, మర్నాటికి రక్త విరేచనాలు. నీళ్ళ గిన్నె అంచు మీద గడ్డం ఆనించి, తాగాలని ఉండీ తాగలేక అలా నీళ్ళ వంకే చూస్తూ ఉండేది. పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు పశువుల డాక్టరు గారు. దాని పళ్ళు చూసి, ఇది నెల దాటి ఎన్నో రోజులు కాలేదమ్మా, యాభై రోజులని ఎవరు చెప్పారు మీకు అన్నారు. సెలైన్లు పెట్టినా తొమ్మిదో రోజున పోయింది. షాపుకి ఫోన్ చేస్తే మా దగ్గర బాగానే ఉంది, మీ తిండే పడలేదన్నారు. డబ్బు సంగతి వదిలేయండి, మా పాప వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇది కొనబోయే ప్రతి ఒక్కరికీ తెలియాలి. 2018లో వచ్చిన పెట్ షాపు రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదు. ఎనిమిది వారాలు ఎందుకంటే, ఆ వయసులోనే పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి, ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లి కూడా కసురుతుంది. ఎంతవరకు కొరకొచ్చో దానికి తెలిసేది అక్కడే. నెల పిల్లని తెచ్చుకుంటే ఆ పాఠం దానికి మన పిల్లాడి చెయ్యి మీద నేర్పాల్సి వస్తుంది. పిల్లలతో మంచి జాతి అని అందరూ జాతి పేరే చూస్తారు గానీ, ఆ ఎనిమిది వారాలు అది ఎక్కడ ఎలా పెరిగిందన్నది అంతకన్నా ముఖ్యం అని నాకు అనుభవం మీద అర్థమైంది.

పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుందట. గచ్చు బ్లీచింగ్‌తో కడిగాం, పెరడంతా ఎలా కడుగుతాం? అందుకని టీకాలన్నీ పూర్తయిన పిల్లనే తెచ్చుకోమన్నారు డాక్టరు గారు. రావులపాలెం వైపు రిటైరైన ఒక మాస్టారి ఇంట్లో నాలుగు నెలల ఆడపిల్ల మిగిలిందని తెలిసి వెళ్ళాం. గేటు తియ్యగానే తల్లి కుక్క అరుస్తూ వచ్చింది, మాస్టారి గారి భార్య "ఉండవే, మనోళ్ళే" అనగానే అరుపు ఆపి మా చేతులు వాసన చూసి పక్కకెళ్ళి పడుకుంది. వాళ్ళ మనవడు దాని వీపు మీద చెయ్యేసుకుని కూర్చుంటే కదల్లేదు. ఆవిడ నాతో అన్నారు, "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అంటారు కదమ్మా, బాగా చూసుకోండి ముందు." నేను కావాలనే స్టీలు పళ్ళెం ఒకటి కింద పడేశాను. పిల్ల ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ తనే వచ్చి ఆ పళ్ళెం వాసన చూసింది. అదే తెచ్చుకున్నాం. హనీ అని పేరు పెట్టాం.

పిల్లలతో ఎలా ఉంటుందంటే, ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లల మీద గుర్రుమనలేదు. అలాగని గాలికి వదిలెయ్యలేదు. తినేటప్పుడు దాని గిన్నె దగ్గరికి వెళ్ళకూడదు, పడుకుంటే లేపకూడదు, మెడ చుట్టూ చేతులేసి బిగించి పట్టుకోకూడదు, ట్యూషన్ పిల్లలకి కూడా మొదటి రోజే ఈ మూడూ చెబుతాను. మొదటి ఏడాది మాత్రం ఇబ్బందే. సంతోషం వస్తే ఒళ్ళు తెలియదు దానికి, బాబుని రెండుసార్లు అరుగు మీద నుంచి తోసేసింది, పళ్ళు మారే వయసులో మూడు జతల చెప్పులు నమిలేసింది. రెండేళ్ళ లోపు పసిపిల్లలుంటే ఈ సంగతి బాగా ఆలోచించుకోండి.

ఇక కాపలా. లాబ్రడార్ కరిచే కుక్క కాదు, పగలు కొబ్బరికాయలు దింపేవాళ్ళొస్తే రెండు అరుపులు అరిచి తోక ఊపుతుంది. కిందటి ఏడాది ఒక రాత్రి రెండు దాటాక మాత్రం నేనెప్పుడూ వినని గొంతుతో అరిచింది, కడుపులోంచి వచ్చినట్టు. లేచి చూస్తే వీధి తలుపు వైపు కాదు, పిల్లల గది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది, వీపు మీద బొచ్చంతా నిక్కబొడుచుకుని. లైటు వేసేసరికి పెరట్లో కొబ్బరికాయల రాశి దగ్గర నుంచి ఇద్దరు పరుగెత్తారు. ఎవరినీ తరమలేదు, గుమ్మం వదల్లేదు. నాకు కావలసిన కాపలా అదే. మనుషుల మీద పడే కుక్క కావాలంటే ఇది మీకు పనికిరాదు.

ఒక మార్కు తగ్గింది మన వాతావరణం వల్ల. ఈ జాతి పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర జాలర్లకి నీళ్ళల్లో సాయం చేసిన కుక్కలు, అందుకే కాలువ కనపడితే ఆగదు. వేలాడే చెవుల్లో తడి ఆరక చీము పట్టి రెండుసార్లు మందులు వాడాల్సి వచ్చింది, ఇప్పుడు నీళ్ళల్లోంచి రాగానే చెవులు తుడవడం మా పాప పని. చేలగట్ల మీద ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టో జబ్బు వస్తుంది, మనుషులకీ రావచ్చు, కాబట్టి లెప్టో కూడా ఉన్న టీకా అడిగి మరీ వేయించండి. వానాకాలం గోమార్ల వల్ల జ్వరం వస్తుంది, రోజూ వేళ్ళ సందులూ చెవుల వెనకా వెతకాలి. బొచ్చు ఏడాదంతా రాలుతుంది. తిండికి అంతే లేదు: లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకి ఆకలి తీరనివ్వని జన్యు మార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు చెప్పారు. మా అత్తగారు జాలిపడి పెట్టిన అన్నంతో 38 కిలోలకి వచ్చింది, ఆడదానికి 32 దాటకూడదన్నారు డాక్టరు గారు, తగ్గించడానికి ఏడు నెలలు పట్టింది.

నెలకి తిండీ మందులూ కలిపి మాకు నాలుగు వేలు దాకా అవుతోంది. అంత పెట్టలేని వాళ్ళు బాధపడనక్కర్లేదు. పాలకొల్లులో మా ఆడపడుచు వాళ్ళు నాటు కుక్కని పెంచుతున్నారు, దానికి చెవి జబ్బు లేదు, ఎండ బాధ లేదు, కాపలాలో మా హనీ కన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది, వాళ్ళ పిల్లలతోనే పెరిగింది. రేబిస్ టీకా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, ఏటా అక్కడికే తీసుకెళ్తారు. మీ వీధిలో తల్లి దగ్గర పాలు తాగుతున్న నాటు పిల్లలుంటే, లాబ్రడార్‌కి డబ్బు కట్టే ముందు నాలుగు రోజులు వెళ్ళి ఆ తల్లి మీ పిల్లలతో ఎలా ఉంటోందో చూసి రండి.