స్టెయిన్‌లెస్ స్టీల్ పనికి క్యూబిట్రాన్ 2 బెల్టు: ఎవరికి గిట్టుబాటు?

స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగులు, హోటల్ వంటశాలల బల్లలు చేసే షాపుల్లో వెల్డింగ్ బీడ్‌ను (అతుకు వెంట ఉబ్బి నిలిచే లోహాన్ని) చదును చేయడానికే పనివారి సమయం ఎక్కువగా పోతుంది. ఆ పనిలో త్రీఎమ్ కంపెనీ వారి క్యూబిట్రాన్ 2 శ్రేణికి చెందిన 984ఎఫ్ బెల్టును, అంటే లోహాన్ని అరగదీసే రేణువులు అంటించి మెషీన్‌పై తిప్పే పట్టీని, వాడి చూశాక, మామూలు అల్యూమినియం ఆక్సైడ్ బెల్టు కంటే ధర బాగా ఎక్కువైనప్పటికీ, తగిన మెషీన్ ఉన్నవారు దీన్ని ధైర్యంగా కొనవచ్చునని చెప్పగలను.

ఇందులోని సిరామిక్ రేణువులు ముడి పదార్థాన్ని నలగ్గొట్టి జల్లెడ పట్టినవి కావు; ఒకే కొలతలో, త్రిభుజాకారంలో తయారుచేసినవి. మొన మొద్దుబారేలోగా చిన్న ముక్క విరిగి కొత్త అంచు బయటపడుతుంది. మామూలు రేణువు లోహాన్ని దున్నుకుంటూ పోయి వేడి పుట్టిస్తే, ఇది సన్నని పేళ్లుగా కోసుకుంటూ పోతుంది. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణవాహకత మైల్డ్ స్టీల్ (మామూలు ఉక్కు) ఉష్ణవాహకతలో సుమారు మూడో వంతే కాబట్టి, పుట్టిన వేడి అక్కడే నిలిచి నీలం, గోధుమ రంగు మరకలు పడతాయి. ఆ రంగు కింది పొరలో క్రోమియం తగ్గి, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఈ బెల్టుతో ఆ మరకలు స్పష్టంగా తగ్గాయి, నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

అయితే సిరామిక్ రేణువు విరగాలంటే గట్టి ఒత్తిడి కావాలి. సుతారంగా తాకిస్తే మొన విరగక నునుపెక్కి, ఖరీదైన బెల్టు కోయడం మానేసి వేడెక్కుతుంది. వేగమూ అంతే ముఖ్యం: 200 మి.మీ. కాంటాక్ట్ వీల్‌ను (బెల్టును తిప్పుతూ వెనక ఆనుగా ఉండే చక్రాన్ని) నిమిషానికి 2880 చుట్లు తిరిగే మోటారుకు నేరుగా బిగిస్తే బెల్టు సెకనుకు దాదాపు 30 మీటర్లు పరుగెడుతుంది, 1440 చుట్ల మోటారుతో 15 మీటర్లే. చిన్న మోటారు, మెత్తటి వీల్ ఉన్నవారికి జిర్కోనియా అనే మరో రకం రేణువులున్న బెల్టే మేలు.

తుది మెరుగుకు మాత్రం దీన్ని సిఫారసు చేయను. ఈ బెల్టులోని ముతక రకమైన 36+ గ్రేడు వదిలే లోతైన గీతలను ఒక్కసారిగా 180 గ్రిట్‌తో (ఈ అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది) తుడిచేయాలనుకుంటే సమయం వృథా. 80, 120, 180 అంటూ మెట్టుమెట్టుగా, ప్రతిసారీ వీలైనంతవరకు దిశ మార్చి రుద్దితే ముందటి గీతలు మిగిలాయో లేదో కంటికే తెలుస్తుంది. ఆ మెట్లకు అల్యూమినియం ఆక్సైడ్ బెల్టులు సరిపోతాయి.

బెల్టులను మేకుకు తగిలిస్తే మడత పడినచోట పగుళ్లు వస్తాయి. లావుపాటి పైపుపై, చెమ్మ తగలని గదిలో వేలాడదీయాలి. మైల్డ్ స్టీల్‌పై ఒక్కసారి వాడిన బెల్టును మళ్లీ స్టెయిన్‌లెస్‌పై పెట్టకూడదు, ఎందుకంటే అంటుకున్న ఇనుప రజను కొత్త రెయిలింగుపై తుప్పు చుక్కలుగా తేలుతుంది. కనుక ఈ బెల్టుల పెట్టెను విడిగా ఉంచి, పైన పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.