పాత పికప్‌కు వేరే బండి వెనక యాక్సిల్: నాలుగేళ్లు నడిపాక

మాది దేవరకొండ దగ్గర పల్లె. 2008 మోడల్ పికప్ నడుపుతాను. బత్తాయి సీజన్‌లో తోటల నుంచి నల్లగొండకు, రేటు బాగుంటే హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్ దాకా లోడు తోలుతాను. 2021లో వెనక హౌసింగ్, అంటే యాక్సిల్ లోపలి భాగాలను మోసే ఇనుప గొట్టం, వంగిపోయింది. ఎడమ టైరు లోపలి అంచే అరిగేది. హబ్ సీల్ ఎన్నిసార్లు మార్చినా గేర్ ఆయిల్ కారి బ్రేక్ లైనర్లు తడిసేవి. చివరికి క్రౌన్ (యాక్సిల్ మధ్యలో చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం) పన్ను ఒకటి విరిగింది.

ఆటోనగర్‌లో పాత సామాను కొట్టు నుంచి, తర్వాతి మోడల్ బండికి విప్పిన యాక్సిల్ డ్రమ్ములతో సహా తెచ్చాను. వెల్డింగ్, బ్రేక్ పైపులు, వీల్ సిలిండర్లు అన్నీ కలిపి 38 వేలు అయ్యాయి.

దించగానే మా మేస్త్రీ అడిగిన మొదటి మాట, "తమ్మీ, పళ్లు లెక్కపెట్టి తెచ్చినవా?" నేను టేపు పెట్టి వెడల్పు, వీల్ బోల్టుల వరస చూసుకున్నానే గానీ పళ్ల సంగతి తట్టలేదు. పాతదాంట్లో క్రౌన్‌కు 41, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్‌కు 8. తెచ్చినదాంట్లో 41, 9. అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే పినియన్ పాతదాంట్లో ఐదుకు పైగా చుట్లు తిరిగేది, ఇందులో నాలుగున్నరే. ఒక్క పన్ను తేడా, కానీ బండి స్వభావమే మారిపోయింది.

హైవే మీద హాయిగా పోతుంది, ఇంజన్ మోత తగ్గింది. స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది కాబట్టి ముల్లు 60 మీద ఉంటే బండి నిజానికి 67 దాటి ఉంటుంది. ఈ నాలుగేళ్లలో మీటరు 80 వేలు తిరిగింది, అంటే అసలు 90 వేల కిలోమీటర్లు. మైలేజీ లెక్కేసేటప్పుడు ఇది మరిచిపోవద్దు. వాన పడ్డ తోటలోంచి నిండు లోడుతో గట్టెక్కాలంటే మాత్రం ఫస్ట్ గేరు చాలదు, క్లచ్ మీద ఆపి ఆపి లాగాలి. ఇప్పటికి రెండు క్లచ్ ప్లేట్లు పోయాయి.

ఇంకో తిప్పలు వైబ్రేషన్. యాక్సిల్ మీద కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కూర్చునే సీట్లు రెండు వేళ్లు పక్కకు ఉన్నాయని కోసి మళ్లీ వెల్డింగ్ చేశాం. పినియన్ ముక్కు పైకి లేచింది. 50 దాటగానే సీటు కింద గిర్రుమని వణుకు, రెండు నెలల్లో షాఫ్ట్‌ను యాక్సిల్‌కు కలిపే క్రాస్ పోయింది. మేస్త్రీ కమానుకు, సీటుకు మధ్య ఒక అంచు మందంగా, ఇంకో అంచు పలచగా ఉండే ఇనుప పట్టీలు పెట్టి యు బోల్టులు బిగించాడు. అప్పటి నుంచి వణుకు లేదు.

హౌసింగ్ మాత్రం గట్టిది. ఆయిల్ చుక్క కారలేదు, టైర్లు సమంగా అరుగుతున్నాయి, ఏటా ఫిట్‌నెస్‌లో బ్రేకులకు అడ్డు చెప్పలేదు.

కొనేవాళ్లు కొట్టు దగ్గరే చూసుకోండి. ఒక డ్రమ్మును కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియన్ ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే పళ్లెం) మీద సుద్దగీత పెట్టి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. నాలుగున్నర వస్తే నా యాక్సిల్ లాంటిది, ఐదు దాటితే లోడుకు పనికొచ్చేది.

నేనిప్పుడు ఈ హౌసింగ్‌లోనే కూర్చునే 41-8 సెట్టు కోసం వెతుకుతున్నాను. దొరికితే వచ్చే బత్తాయి కోతకు ముందే వేయిస్తాను.