మీసం సందులోంచి నీళ్లు: రెయిన్‌బో నదిల స్కూబా

మాది మిర్యాలగూడ, ఎరువుల దుకాణం. మొన్న బిడ్డ దగ్గరికి అమెరికా పోయినప్పుడు ఫ్లోరిడాల రెయిన్‌బో నదిల స్కూబా చేసిన, అంటే గాలి బుడ్డి వీపుకు కట్టుకొని నీళ్ల కింద తిరుగుడు. వచ్చినప్పటి సంది దుకాణం ముందల కూసునేటోళ్లంతా అదే అడుగుతున్నరు, చెప్పి చెప్పి నోరు నొస్తున్నది. అందుకే రాసి పెడుతున్న. మమ్మల్ని తీస్కపోయిన కంపెనీ పేరు రాయను, వాళ్లతోని కొంచెం పంచాయితి అయింది.

డనెల్లన్ అనే ఊరికాడ భూమిలోంచి ఊటలు తన్నుకొచ్చి నదైతది. పొడుగు 9 కిలోమీటర్లే, పోయి ఇంకో నదిల కలుస్తది. ఎండకాలమైనా చలికాలమైనా నీళ్లు 22, 23 డిగ్రీలే. వినడానికి హాయిగనే ఉంటది గని అరగంటకు పండ్లు కొట్టుకుంటయ్, రబ్బరు సూటు తప్పదు. పెద్ద లోతు కూడ లేదు. ఈదే పనే లేదు, పైన దింపితే ధారనే మోసుకపోతది.

పంచాయితి సూటుకాడనే మొదలైంది. బుక్ చేసేటప్పుడే నా ఎత్తు, బరువు బిడ్డ రాసింది. ఆడికి పోతే పొట్ట పట్టని సూటిచ్చిన్రు, మోకాలికాడ చినుగు. మనిషికి 150 డాలర్లు కట్టినంక, సామాను కిరాయి వేరే అని ఇంకో 40 గుంజిన్రు. అది ముందుగాల చెప్తే ఏం పోయింది? మాస్కుల నీళ్లు కారుడు వేరే. మూడు మాస్కులు మార్చిన్రు. ఆఖరికి గైడు పోరగాడు నవ్వుకుంట నా మీసం చూపించిండు. రబ్బరు అంచు తోలుకు అంటుకోవాలె, నడుమ వెంట్రుకలుంటే ఆ సందుల నీళ్లొస్తయ్. మైనం లెక్కటిది రాస్తే కొంచెం ఆగింది. మీసమున్నోళ్లు ఇది యాది పెట్టుకోన్రి.

గైడు మాత్రం బంగారం. నేను బాయిల ఈత నేర్చినోన్ని. ఒడ్డు మీంచి దుంకి, అడుగున మన్ను పిడికిట్ల పట్టుకొస్తేనే మొగోడన్నట్టు. ఊపిరి బిగబట్టుడే మా విద్య. ఈడనేమో మొదటి పాఠమే ఊపిరి బిగబట్టొద్దు అని. బుడ్డిలకెల్లి వచ్చే గాలి చుట్టున్న నీళ్ల ఒత్తిడికి సమానంగ వస్తది. 10 మీటర్ల కింద ఆ ఒత్తిడి ఒడ్డు మీదికంటె రెండింతలు. ఆ గాలిని లోపల బంధించుకొని పైకొస్తే అది ఉబ్బి ఊపిరితిత్తి చినుగుతది. లోతు తక్కువ కదా అనుకుంటే మోసపోతం, పైన ఉన్న రెండు మూడు మీటర్లల్లనే ఆ ఉబ్బుడు ఎక్కువ. నాకేమో చిన్నప్పటి అలవాటు, మరిచిపోయి బిగబడుతనే ఉన్న. ఆ పిల్లగాడు మూడుసార్లు నా ఛాతి మీద తట్టి, బుడగలేవి అని సైగ చేసిండు.

నడుముకు కట్టిన సీసం దిమ్మలు కూడ ఎక్కువైనయ్. ఉప్పునీళ్లు తేలగొట్టినంత మంచినీళ్లు తేలగొట్టవు, అందుకే సముద్రం లెక్కన కడితే బండ లెక్క మునుగుతం. నేను పోయి అడుగున గడ్డిల మోకాళ్ల మీద కూలబడ్డ. మన్ను లేచింది, ఎనక వస్తున్న మా అల్లునికి ఏం కనపడలే. గైడు ఒక దిమ్మ తీసేసినంకగని నిలబడలే.

ఇగ చూసింది చెప్త. అడుగున తెల్ల ఇసుక ఎసరు లెక్క కుతకుతలాడుతున్నది. వేడి లేదు, కిందికెల్లి నీళ్లు తోస్తున్నయ్. చెయ్యి పెడితే అరచేతిని ఎత్తుతది. తాబేళ్లు, మొసలి మూతి లెక్క పొడుగు మూతి గార్ చేపలు. మొసళ్లు కూడ ఉంటయన్నరు, మా అదృష్టానికి అగుపడలే. మా మీద తెల్ల అడ్డగీత ఉన్న ఎర్ర జెండా తేలుతనే ఉంటది, పడవలోళ్లు చూసి పక్కకు జరగాలని.

కొన్నితాన్ల గడ్డి మీద పాచి పట్టి ఉంది. పైకొచ్చినంక అడిగిన. పొలాలకు, ఇండ్ల ముందటి పచ్చికకు ఏసే ఎరువు, సెప్టిక్ ట్యాంకుల నీళ్లు సున్నపురాయిలకెల్లి దిగి ఊటలల్లకొస్తున్నయట, నైట్రేట్ పెరిగి పాచి పడుతున్నదట. నేనేం దుకాణం నడుపుతనో చెప్పలే. తేటగున్నయ్ గదా అని నీళ్లను నమ్ముతే ఏమైతదో మా మర్రిగూడ దిక్కు నడుములు వంగినోళ్లను అడుగున్రి, ఫ్లోరైడ్ కండ్లకు కనపడదు.

పోయేటోళ్లకు రెండు ముచ్చట్లు. ఆరోగ్యం ఫారంల బీపీ, ఉబ్బసం దాచొద్దు. తెల్లారే విమానం పెట్టుకోవద్దు, నన్ను 18 గంటలు ఆగమన్నరు. నది కోసమైతే మళ్ల పోత, ఆ కంపెనీకి మాత్రం పోను.

ఇంటికొచ్చి మా అత్తమ్మకు వీడియో చూపించిన. ఆమె తల్లిగారిది ఏలేశ్వరం, సాగర్ నీళ్ల కింద మునిగిన ఊరు. రెండుసార్లు చూసి, "గట్ల సాగర్‌ల దిగితే మా ఇల్లు అగుపడ్తదా అయ్యా?" అన్నది.

"ఆడ నీళ్లు ఇంత తేటగుండయి అత్తమ్మా. మట్టిగోడలు ఎప్పుడో కరిగినయ్" అన్న.

"గోడలు పోతే పోనీ. రాతికట్టు బాయి ఉండె మాకు" అన్నది.